స్వరూప మేడమ్ కారుకు నేను పెట్టిన గట్టి క్లచ్

బోల్టులు బిగించడం గురించి ఇందులో ఏమీ ఉండదు. అది ఆరు నెలల్లో ఎవరికైనా వస్తుంది. కస్టమర్ నోటితో అడిగేది ఒకటి, అతని కారుకు కావాల్సింది ఇంకొకటి అని అర్థం కావడానికి మాత్రం నా వయసు ముప్ఫై దాటాల్సి వచ్చింది. అది కూడా నా తెలివితో అర్థం కాలేదు. తలకాయ గోడకు తగిలాక అర్థమైంది. ఈ లైన్లోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఆ గోడ ఎక్కడుందో తెలుసుకుంటే మంచిది కాబట్టి రాస్తున్నాను.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి వస్తే ఒక గల్లీలో నా షెడ్డు ఉండేది. రేకుల కప్పు, కారు కిందికి దిగడానికి ఒక గుంత, రెండు జాకీలు, ముట్టుకుంటే షాకు కొట్టే ఫ్యాను. బోర్డు మీద ‘అన్ని రకముల కార్లు రిపేరు చేయబడును’ అని రాయించాను గానీ 2009 వచ్చేసరికి నాకు పేరు తెచ్చింది వేరే పని. చిన్న కార్లను ఉరికించడం. కంపెనీవాళ్ళు పక్కన రెండు చారలు వేసి, వెనక చిన్న రెక్క తగిలించి, స్పోర్ట్స్ మోడల్ అని అమ్మిన కార్లు నా దగ్గరికి వచ్చేవి. చారలకు తగ్గ ఇంజిన్ చెయ్యమని అడిగేవాళ్ళు. చేసేవాణ్ణి. ఎంకటేశం చెయ్యి పడితే కారు ఉరుకుతది అని గల్లీలో ఒక మాట ఉండేది. ఆ మాటను ఎక్కువసార్లు అన్నది నేనే.

కొనాలా, చేయించాలా

అందరూ అడిగే ప్రశ్న ఒకటే. “ఎంకటేశన్నా, ఈ చిన్నదానికే పని చేయించాల్నా, ఇది అమ్మి పెద్ద ఇంజిన్ కారు కొనాల్నా?”

నా జవాబు ఎప్పుడూ ఒకటే. “గిది వజ్రం లాంటి కారు. అమ్ముతవా ఎక్కడన్న? చేయిద్దాం.”

ఎందుకు అలా చెప్పేవాణ్ణో దాచుకోను. పెద్ద కారు కొన్నవాడు షోరూంకు పోతాడు. అక్కడ ఏసీ ఉంటుంది, సోఫా ఉంటుంది, కాఫీ ఇస్తారు. నా షెడ్డులో షాకు ఇచ్చే ఫ్యాను ఉంటుంది. వాడు మళ్ళీ నా మొహం చూడడు. అందుకే కారు కొనాలా వద్దా అని మెకానిక్‌ను అడగడమంటే, గుండు చేయించుకోవాలా వద్దా అని మంగలిని అడగడమే.

అలాగని కొన్నవాళ్ళు బాగుపడ్డారా అంటే అదీ లేదు. నారాయణగూడలో బట్టల దుకాణం సేటు ఒకాయన నా మాట వినకుండా పోయి, స్పీడు మీటరులో రెండువందల నలభై దాకా అంకెలున్న కారు కొన్నాడు. దాంట్లో ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి తిరిగాడు. ఒకరోజు చాయ్ దగ్గర కలిసి, “ఎంకటేశం, ఇయ్యాల మూడో గేరు పడింది” అని ఇంట్లో శుభకార్యం చెప్పినట్టు చెప్పాడు. ఇంకోవైపు మిఠాయి దుకాణం వాళ్ళ పెద్దబ్బాయి ఉన్నాడు. తన చిన్న కారుకు నాతో పెద్ద నోరున్న సైలెన్సర్ పెట్టించాడు. పొగ బయటికి పోయే దారి మార్చేసరికి కారు లాగుడు ఇంకాస్త తగ్గింది. గల్లీ మొత్తం అదిరిపోయేది గానీ షేరింగ్ ఆటో దాటిపోయేది. ఆ అబ్బాయి మాత్రం సంతోషంగా ఉన్నాడు. సౌండు కొన్నాడు, సౌండు దొరికింది. నేను కూడా నోరు మూసుకున్నాను.

ఇలాంటివాళ్ళతో పని చేసినంతకాలం తప్పు చేసినా పెద్ద నష్టం లేదు. ఎందుకంటే వాళ్ళకు నిజంగా ఎక్కడికీ పోవాల్సిన తొందర లేదు.

తొందర ఉన్న మనిషి

2011 వానాకాలంలో స్వరూప మేడమ్ వచ్చింది. అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు చరిత్ర చెప్పేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బర్కత్‌పురలో అన్నావదినలతో ఉండేది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయిందట. నడిచేటప్పుడు ఎడమ చేత్తో మోకాలి మీద నొక్కి అడుగు వేసేది. ఆమెది సెకండ్ హ్యాండులో కొన్న ఎర్ర రంగు చిన్న కారు, చారలున్న రకమే. సొంత జీతంతో కొనుక్కుంది.

కష్టమేందో సూటిగా చెప్పింది. “ప్రతి ఆదివారం సిద్దిపేట బ్రాంచిల క్లాసు ఉంటదన్న. పొయ్యేటప్పుడు లారీని దాటబోతె, సగం దూరం పోయినంక కారు ఊపిరి బిగపడ్తది. ముందుకు పోదు, ఎనకకు రాదు. మొన్న ఎదురుంగ బస్సొచ్చింది. ఎట్లనో లారీ ఎనకకు వచ్చి పడ్డ. ఇంటికొచ్చి అన్నకు చెప్పిన. అదే తప్పయింది.”

ఆ తప్పు రెండోరోజు తనే నడుచుకుంటూ వచ్చింది. వాళ్ళ అన్న నర్సింగరావు గారు బిల్డింగ్ కాంట్రాక్టరు. లోపలికి వచ్చి, నా ఫ్యాను వైపు అనుమానంగా చూసి, నిలబడే మాట్లాడాడు. “ఇది అమ్మేస్త. పెద్ద కారు కొంట, క్లచ్ లేని ఆటోమేటిక్‌ది. డ్రైవర్ని పెడ్త. ఎనక కూసొని పుస్తకం చదువుకుంట పోతది. ఆమెకెందుకీ పరేషాని?”

“డ్రైవర్ ఉంటె పొద్దుగాల ఎప్పుడు బయల్దేరాల్నో ఆయన్నడగాలె. ఆయన సెలవు పెడితె నిన్నడగాలె,” అంది మేడమ్. “ఇన్నేండ్లకు ఎవర్ని అడగకుంట బయటికి పోతున్న. ఇది నేను ఇడువ.”

నర్సింగరావు గారు చెడ్డమనిషి కాడు. చిన్నప్పుడు ఆమెను సైకిల్ ముందు కూర్చోబెట్టుకొని పదేళ్ళు బడికి తీసుకుపోయింది ఆయనే. ఎదురుగా వచ్చిన బస్సు ఆయన కళ్ళ ముందు నుంచి పోవడం లేదు, అంతే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్కసారి పని చేయిస్తారు. ఆ తర్వాత కూడా ఆమెకు ఇబ్బంది అయితే కారు అమ్మేయడమే, ఇంక మాట ఉండదు.

ఇద్దరూ నా మొహం చూశారు. ఒక మనిషి తన ఇష్టానికి ఇంటి గడప దాటడం నా పని మీద ఉంది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా నా మనసులో మెదిలింది వేరే విషయం. ఇంజిన్ మొత్తం విప్పి, నాకు నచ్చినట్టు చేయమని ఇచ్చిన కస్టమర్ అంతకుముందు ఒక్కడూ దొరకలేదు.

“రాకెట్ చేసిస్త మేడమ్,” అన్నాను.

ఆమె కాలు చూశాను. ఏమీ అడగలేదు. అడగకపోవడం మర్యాద అనుకున్నాను.

రాకెట్ తయారీ

పన్నెండు రోజులు పట్టింది. హెడ్డు విప్పి గాలి పోయే దారులు నున్నగా చేయించాను. వాల్వులు ఎక్కువసేపు తెరుచుకొని ఉండేలా వేరే క్యామ్ షాఫ్ట్ తెప్పించాను. సైలెన్సర్ మార్చాను. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చడానికి తెలిసినాయన్ని పిలిపించాను. బలం పెరిగినప్పుడు పాత క్లచ్ జారిపోతుంది కదా, అందుకని గట్టి స్ప్రింగులున్న క్లచ్ వేశాను. ఈ చివరి పని మీద నేను అర నిమిషం కూడా ఆలోచించలేదు. పుస్తకంలో అట్లనే ఉంటుంది.

ట్రయల్ ఎప్పుడూ నేనే పోయేవాణ్ణి. ఓనరును చాయ్ హోటల్లో కూర్చోబెట్టి, ఒక్కణ్ణే పోయి వచ్చి, చేతులు తుడుచుకుంటూ దిగడం నాకు అలవాటు. కొంచెం సినిమా హీరోలా ఉంటుంది. ఆరోజు కూడా పొద్దున్నే నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కించాను. ఇంజిన్‌కు తిరిగే చుట్లు పెరిగేకొద్దీ కారు ముందుకు దూకింది. నా నోట్లోంచి కేక వచ్చింది. క్లచ్ వెన్నపూసలా ఉంది. ఆ తొక్కిన కాలు ఎవరిదయ్యా అంటే, షెడ్డు పెట్టకముందు లారీ క్లచ్‌లు తొక్కి తొక్కి మొద్దుబారిన నా కాలు.

మేడమ్ వచ్చింది. కూర్చుంది. క్లచ్ తొక్కి చూసింది. ఆమె మొహం ఒక్క క్షణం మారింది. మళ్ళీ మామూలుగా పెట్టుకొని “బాగుందన్న” అని వెళ్ళిపోయింది. మర్యాద ఇద్దరికీ ఉంది చూడండి, పని చెడగొట్టడానికి సరిపోయేంత.

మూడోరోజు నర్సింగరావు గారి ఫోన్. “ఏం జేసినవయ్యా? నారాయణగూడ చౌరస్తాల కారు ఆగిపోయింది. స్టార్ట్ చేస్తె ఆగుడు, స్టార్ట్ చేస్తె ఆగుడు. ఎనక బస్సులన్ని హారన్లు. ఆఖరుకు ట్రాఫిక్ కానిస్టేబులు, ఆటోవాళ్ళు కలిసి పక్కకు నూకిండ్రు. మా చెల్లె కాలు గంటసేపు వణికింది తెల్సా? అంబర్‌పేట్ నుంచి ఒకాయన సోమవారం కారు చూడనీకి వస్తున్నడు. ఇచ్చేస్తున్న.”

ఫోన్ పెట్టేసి నేను ఏమన్నానో కూడా రాస్తాను. “ఆడోళ్ళకు హాఫ్ క్లచ్ రాదు” అన్నాను, పక్కనున్న చాయ్ హోటల్ ఆయనకు వినపడేలా. పని చెడినప్పుడు మన లైన్లో మొదట బయటికి తీసే పనిముట్టు ఇదే. కస్టమర్‌కు నడపడం రాదు. నేను దాన్ని అప్పటికి చాలాసార్లు వాడాను. ఆరోజు మాత్రం అది పని చేయలేదు.

ఉస్తాద్ చాయ్

నాకు పని నేర్పింది ఖాజా భాయ్. నారాయణగూడలో ఆయన దగ్గర పదకొండేళ్ళు చేశాను. కోపం వస్తే పానా విసిరేవాడు. మనిషికి తగలకుండా విసరడంలో ఆయనకు మంచి పేరు. అప్పటికి షెడ్డు మూసేసి, కొడుకు టైర్ల దుకాణం ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటున్నాడు. పోయి మొత్తం చెప్పాను. క్యామ్ షాఫ్ట్ గురించి కొంచెం గొప్పగా కూడా చెప్పాను.

అంతా విని, “కారు ఎవరు నడుపుతరు?” అని అడిగాడు.

“స్వరూప మేడమ్.”

“ట్రయల్ ఎవరు పోయిండ్రు?”

“నేను.”

చాయ్ సాసర్లో పోసుకొని తాగాడు. తొందరేం లేదు. తాగడం అయిపోయాక, “మరి ఆ కారు నువ్వే కొనుక్కో మియా. నీకు మస్తు సరిపోతది,” అన్నాడు.

ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. కొత్త కారు వస్తే బానెట్ ఎత్తేముందు ఓనరును నడపమని, తను పక్క సీట్లో కూర్చొని ఒక చక్కర్ కొట్టి వచ్చేవాడు. ఇంజిన్ వైపు చూసేవాడు కాదు. ఓనర్ చేతులు, కాళ్ళు చూసేవాడు. ఉస్తాద్ ఫ్రీగా షికారు పోతున్నడు అని మేము వెనక నవ్వుకునేవాళ్ళం. నా సొంత షెడ్డు పెట్టాక మొట్టమొదట తీసేసిన పద్ధతి అది. హీరోలు పక్క సీట్లో కూర్చోరు కదా.

పక్క సీట్లోంచి

అదేరోజు బర్కత్‌పుర పోయాను. “మేడమ్, ఒక్కసారి మీరు నడపండి, నేను పక్కన కూసుంట,” అన్నాను. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, తాళంచెవి తెచ్చింది.

కాచిగూడ స్టేషన్ దాకా పోయి వచ్చాం. క్లచ్ తొక్కాల్సి వచ్చిన ప్రతిసారి ఆమె ఎడమ చెయ్యి స్టీరింగ్ మీంచి తీసి, తొడ మీద నొక్కుతోంది. దాని మీద నా క్యామ్ షాఫ్ట్ ఒకటి. ఆ రకం ఇంజిన్ చుట్లు పెరిగితేనే లాగుతుంది, నెమ్మదిగా పోతే చచ్చిపోతుంది. ట్రాఫిక్‌లో అది చావకుండా ఉండాలంటే క్లచ్‌ను సగంలో పట్టుకొని ఉండాలి. అంటే గట్టి క్లచ్ పెట్టి, దాన్ని ఇంకా ఎక్కువసేపు తొక్కాల్సిన ఇంజిన్ కూడా నేనే పెట్టాను. ఆమెకు పగవాడు ఎవడైనా ఉంటే ఇంతకంటే బాగా చేయలేడు.

అప్పుడు అడిగాను. “మేడమ్, సిద్దిపేట రోడ్డు మీద లారీని ఏ గేరుల దాటుతరు?”

“అయిదు.”

“అయిదులనా? మూడుకు దించరా?”

“మూడుకు దించాలె, మళ్ళ నాలుగు, మళ్ళ అయిదు. మూడుసార్లు తొక్కాలె గదన్న. పాత క్లచ్‌తోని కూడ అంత దూరం పోయినంక కాలు లేవకపోయేది. అందుకని ఊళ్ళు దాటినంక అయిదుల ఏసి వదిలేసేదాన్ని.”

ఆ కారు ఎప్పుడూ నెమ్మది కారు కాదు. మూడో గేరులో తొక్కితే కంపెనీ ఇంజిన్‌తోనే లారీని తేలిగ్గా దాటేది. ఆమెకు కావాల్సింది బలమైన ఇంజిన్ కాదు, తేలికైన క్లచ్. నేను పన్నెండు రోజులు కష్టపడి దానికి సరిగ్గా ఎదురు పని చేశాను.

“మీరు ముందే చెప్తె…” అని నసిగాను.

“నువ్వు ఇంజిన్ గురించి అడిగినవ్, ఇంజిన్ గురించి చెప్పిన. కాలు గురించి అడగలే. నేను అన్నిట్ల కాలు ముందు పెట్టి మాట్లాడుతనా అన్న?”

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట ఈరోజుకీ గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి.

సోమవారానికి ఇంకా అయిదు రోజులున్నాయి. వేరే కార్లన్నీ పక్కన పెట్టాను. పాత క్యామ్ షాఫ్ట్, పాత క్లచ్ మళ్ళీ వేశాను. మెలికలు తిరిగి పోతున్న క్లచ్ కేబులు తీసేసి, కొత్తది తిన్నగా పోయేలా బిగించాను. గేరుబాక్సు దగ్గర కేబులు లాగే చిన్న చెయ్యి ఉంటుంది. దాన్ని ఎంత పొడుగు చేస్తే తొక్కుడు అంత తేలికవుతుంది. కొలత ఖాజా భాయ్ చెప్పాడు, నేను వెల్డింగ్ చేయించాను. అయితే తేలికైన కొద్దీ పెడల్ ఎక్కువ లోతుకు పోవాలి. అందుకని ఆమె కాలికి అందేలా పెడల్ మీద అల్యూమినియం ముక్క ఎత్తుగా బిగించి, సీటు ముందుకు జరిపాను. పాత పేపర్లు తూచి కొనే ఆయన దగ్గర స్ప్రింగు కాటా తెచ్చి, పెడల్‌కు కొక్కెం తగిలించి ఎంత బరువు పడుతోందో చూశాను. మేడమ్ రోజూ సాయంత్రం క్లాసు అయిపోయాక వచ్చి, నిలబడి ఉన్న కారులో కూర్చొని యాభైసార్లు తొక్కేది. “ఇంక జర” అనేది. మళ్ళీ విప్పేవాణ్ణి. టైలరు దగ్గర జాకెట్టు కొలతలకు వచ్చినట్టే శుక్రవారం దాకా సాగింది.

సైలెన్సర్ కూడా పాతది వేస్తానంటే మాత్రం ఆమె ఒప్పుకోలేదు. “ఉండనీయన్న. సౌండ్ ఇని పిల్లలు పుస్తకాలు తీస్తున్నరు,” అంది.

మీరు అడిగే ప్రశ్నకు జవాబు

కొనాలా, చేయించాలా అని మిమ్మల్నీ అడుగుతారు. నాలాగ వెంటనే చెప్పకండి. పక్క సీట్లో కూర్చోండి. చాలామంది కారుకు కొత్త టైర్లు, మంచి బ్రేకులు, శుభ్రమైన ప్లగ్గులు వేస్తే వాళ్ళకు కావాల్సిన స్పీడు వచ్చేస్తుంది. అది మీకు చిన్న పని, చేతికి పెద్దగా ఏమీ రాదు, అయినా చెప్పండి. నిజంగా పెద్ద ఇంజిన్ కావాల్సినవాడు దొరికితే షోరూంకు పంపించండి. చిన్న కారును లాగి లాగి పెద్ద కారు చేయాలని చూస్తే ఒకచోట బలం వస్తుంది, ఇంకోచోట విరుగుతుంది. నర్సింగరావు గారు చెప్పిన క్లచ్ లేని కారు నిజానికి తప్పు సలహా కాదు. మేడమ్ తనకు తానుగా అడిగి ఉంటే నేనే కొనమని చెప్పాల్సిన మాట అది. దాంతోపాటు వచ్చే డ్రైవర్ దగ్గరే పేచీ.

శనివారం సాయంత్రం

నర్సింగరావు గారికి నా మాట మీద నమ్మకం పోయింది. పోవడం న్యాయమే. మేడమ్ పట్టుబట్టాక ఒక్క పరీక్షకు ఒప్పుకున్నాడు. “సిద్దిపేట రోడ్డు సంగతి తర్వాత. నా ముందట ట్రాఫిక్‌ల నడపాలె. ఒక్కసారి కారు ఆగిందంటె సోమవారం తాళంచెవి ఆయనకిచ్చేస్త,” అన్నాడు. శనివారం సాయంత్రం, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా హాళ్ళ నుంచి ఒక ఆట వదిలి ఇంకో ఆటకు జనం వచ్చే సమయానికే బయల్దేరదీశాడు. ఆయన ముందు, నేను వెనక, మేడమ్ స్టీరింగ్ దగ్గర. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్. నడిస్తే పావుగంట.

మాకు నలభై నిమిషాలు పట్టింది. బస్సులు, ఆటోలు, రోడ్డుకు అడ్డంగా టికెట్లు పట్టుకొని నడిచే జనం. రెండు అడుగులు కదలడం, ఆగడం. మొదట్లో ఆమె ఎన్నిసార్లు క్లచ్ తొక్కుతోందో లెక్కపెట్టాను. వంద దాటాక వదిలేశాను. నర్సింగరావు గారు రోడ్డు చూడటం లేదు, చెల్లెలి కాలే చూస్తున్నాడు. క్రాస్ రోడ్స్ సిగ్నల్ దగ్గర ఒక బైకువాడు అడ్డం వచ్చాడు. కారు ఒక్క వణుకు వణికింది. వెనక సీట్లో నా రెండు కాళ్ళూ లేని పెడళ్ళను తొక్కేశాయి. ఆమె ఎడమ కాలు టక్కున లోపలికి పోయింది, చెయ్యి సాయం లేకుండా. ఇంజిన్ ఆగలేదు. బైకువాణ్ణి ఆమె తిట్టిన తిట్టు చరిత్ర పుస్తకాల్లో ఉండదు.

అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ ముందు, రెండు పుస్తకాల బండ్ల మధ్య ఉన్న సందులో కారు నిలిపి, ఇంజిన్ ఆపింది. నర్సింగరావు గారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“కాలు నొస్తలేదా, స్వరూపా?” అన్నాడు.

“నొస్తది,” అంది ఆమె. “నడిస్తె ఇంతకంటె ఎక్కువ నొస్తది. మరి కాలు గూడ అమ్ముతవా?”

ఆయన ఫోన్ తీసి అంబర్‌పేట్ ఆయనకు కలిపాడు. “సోమవారం రాకు భాయ్,” అన్నాడు. “కారు అమ్ముడు లేదు. మా చెల్లె నడుపుతున్నది.”